ఐదుసార్లు నిజమైతే చాలా?

- ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (గణితం)



సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ ఫోన్ చేసి, "నీ అనుభవాలు రాయి, పిల్లలకు స్ఫూర్తిగా ఉంటుంది" అన్నారు. స్ఫూర్తి కథలు రాయడం నాకు చేతకాదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే. నాకు వచ్చిందల్లా కాసిని లెక్కలు. అందుకే నా గురించి కాకుండా ఒక సంఖ్య గురించి రాస్తున్నాను. చివరకు ఆ సంఖ్యే మన హాస్టల్ గురించి మాట్లాడుతుంది, ఓపిక పట్టండి.

4294967297

పది అంకెలున్నాయి కాబట్టి ఎవరిదో సెల్ నంబరు అనుకుంటారు. కాదు. మన దేశంలో సెల్ నంబర్లు 4తో మొదలవ్వవు. మన లెక్కలో చదివితే ఇది 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. ఇంత పెద్ద సంఖ్యను చూడగానే పుస్తకం మూసేయాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ ఇది పుట్టిన తీరు చాలా తేలిక. ఆరో తరగతి తమ్ముడు కూడా చేయగలడు.

2ను 2తో గుణిస్తే 4. 4ను 4తో గుణిస్తే 16. 16ను 16తో గుణిస్తే 256. 256ను 256తో గుణిస్తే 65536. దాన్ని దానితోనే గుణిస్తే 4294967296. ఇప్పుడు వీటన్నిటికీ 1 కలపండి. 3, 5, 17, 257, 65537, 4294967297 వస్తాయి.

వీటిలో మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే. అంటే 1తోనూ తమతోనూ తప్ప దేనితోనూ శేషం లేకుండా భాగింపబడవు. 17వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశంలో పియర్ ద ఫెర్మా అనే ఆయన ఉండేవాడు. వృత్తికి తూలూజ్ పట్టణంలో న్యాయాధికారి, తీరిక వేళల్లో గణితం చేసేవాడు. 1640 ప్రాంతంలో ఆయన ఈ వరుసను చూసి, ఇలా ఎంత దూరం పోయినా వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అన్నాడు. నిరూపణ మాత్రం తన దగ్గర లేదని ఒప్పుకున్నాడు. అయినా ఆ మాట మీద ఆయనకు గట్టి నమ్మకం.

ఫెర్మా ఆషామాషీ మనిషి కాదు. అంత పెద్దాయన అన్నాడంటే నిజమే అయ్యుంటుందని లోకం ఊరుకుంది. ఐదుసార్లు నిజమైంది, ఆరోసారి ఎందుకు కాదు?

1729లో గోల్డ్‌బాక్ అనే గణితవేత్త తన మిత్రుడు ఆయిలర్‌కు ఉత్తరం రాస్తూ, ఫెర్మా చెప్పిన ఈ సంగతి నీకు తెలుసా అని అడిగాడు. అప్పటికి ఆయిలర్‌కు 22 ఏళ్లు, నాకంటే ఒక ఏడు చిన్న. 1732లో ఆయన జవాబు తేల్చాడు. ఆరో సంఖ్య ప్రధాన సంఖ్య కాదు.

4294967297 = 641 × 6700417

దాదాపు తొంభై ఏళ్లు నిలబడిన మాట ఒక్క గుణకారంతో కూలిపోయింది.

ఎం.ఎస్సీ. మొదటి సెమిస్టర్‌లో మా ప్రొఫెసర్ గారు ఈ సంగతి బోర్డు మీద రాసి తరువాతి పాఠానికి వెళ్లిపోయారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ఆ రాత్రి పి.జి. హాస్టల్‌లో నోట్‌బుక్ తీసి భాగహారం చేశాను. శేషం సున్నా వచ్చింది. మళ్లీ చేశాను. మళ్లీ సున్నా. పెద్ద సంఖ్యను సొంత చేత్తో విరగ్గొట్టిన సంతోషం అంతకుముందు నాకెప్పుడూ కలగలేదు. తరువాత తెలిసింది, అంత పెద్ద భాగహారం కూడా అక్కరలేదని. శేషాలు పట్టుకుని నడిస్తే చాలు. మీరూ చేయండి.

65536ను 641తో భాగించండి. 641 × 102 = 65382. శేషం 154. మన పెద్ద సంఖ్య 65536ను దానితోనే గుణించి 1 కలిపితే వచ్చింది కదా. కాబట్టి శేషాన్ని కూడా దానితోనే గుణిస్తే చాలు. 154 × 154 = 23716. దీన్ని మళ్లీ 641తో భాగించండి. 641 × 36 = 23076. శేషం 640. దానికి 1 కలిపితే 641. అంటే శేషం ఏమీ లేదు. అంతే. 429 కోట్ల సంఖ్య రెండు చిన్న భాగహారాలతో లొంగిపోయింది.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఇది నా మిత్రుడికి చూపించాను. ఈ హాస్టల్‌లో ఐదేళ్లు వాడి ట్రంకు పెట్టె, నా ట్రంకు పెట్టె పక్కపక్కనే ఉండేవి. ఎక్కాల్లో వాణ్ణి మించినవాడు మా బ్యాచ్‌లో లేడు. స్టడీ అవర్‌లో నేను కాగితం మీద చేసేలోపు వాడు నోటితో జవాబు చెప్పేవాడు. ఇప్పుడు టైల్స్ పని చేస్తున్నాడు. గది పొడవు వెడల్పు చెబితే ఎన్ని పెట్టెలు పడతాయో, ఎన్ని ముక్కలు వృథా పోతాయో నిలబడ్డచోటే చెప్పేస్తాడు. వాడు నా కాగితాన్ని కాసేపు చూసి, "అది సరే రా, అసలు ఆ 641 ఎట్టా దొరికింది ఆయనకి? ఒకటొకటే భాగించుకుంటూ పోయాడా?" అని అడిగాడు.

తమ్ముళ్లూ, మా తరగతిలో ముప్పై మందిమి ఉన్నాం. ఆ ప్రశ్న మాలో ఒక్కరం అడగలేదు. పదో తరగతి తరువాత లెక్కల పుస్తకం ముట్టనివాడు అడిగాడు.

వాడి ప్రశ్నకు జవాబు ఇది. 2, 3, 5, 7 అంటూ వరుసగా ప్రధాన సంఖ్యలతో భాగిస్తూ పోతే 641 వచ్చేది 116వ సంఖ్యగా. చేయవచ్చు, కానీ ఓపిక చచ్చిపోతుంది. ఆయిలర్ అలా గుడ్డిగా వెతకక్కరలేని దారి చూపించాడు.

ఏదైనా బేసి ప్రధాన సంఖ్య తీసుకోండి, 7 అనుకుందాం. 1తో మొదలుపెట్టి రెట్టింపు చేస్తూ పోండి, 7 దాటినప్పుడల్లా శేషం ఉంచుకోండి. 1, 2, 4, ఆ తరువాత 8కి శేషం 1. మూడు అడుగుల్లో మొదటికి వచ్చాం. 17తో చేస్తే 1, 2, 4, 8, 16, 15, 13, 9, మళ్లీ 1. ఎనిమిది అడుగులు. 7లోంచి ఒకటి తీసేస్తే 6, అది 3కి గుణిజం. 17లోంచి ఒకటి తీసేస్తే 16, అది 8కి గుణిజం. ఎప్పుడూ ఇంతే. మొదటికి రావడానికి పట్టే అడుగుల లెక్క, ఆ ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసేసిన సంఖ్యను తప్పకుండా భాగిస్తుంది. మన పది అంకెల సంఖ్యను ఏ ప్రధాన సంఖ్య భాగించినా, దానితో మొదటికి రావడానికి సరిగ్గా 64 అడుగులు పడతాయి. ఎందుకంటే 32 అడుగులకు శేషం సరిగ్గా ఒకటి తక్కువలో ఆగుతుంది, ఇంకో 32 వేస్తేనే 1కి చేరుతుంది. కాబట్టి వెతకాల్సింది 64 గుణిజానికి ఒకటి కలిపిన ప్రధాన సంఖ్యల్లోనే. 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. వీటిలో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. ఐదోదే మనకు కావలసింది.

116 ఎక్కడ, 5 ఎక్కడ! ఆలోచన అంటే ఇదీ. లెక్కలంటే బండచాకిరీ అనుకునేవాళ్లకు ఈ రెండు అంకెలు చూపించండి.

ఇందులో ఇంకో విచిత్రం ఉంది. ఈ అడుగుల లెక్కకు ఆధారమైన సిద్ధాంతం ఎవరిదనుకున్నారు? ఫెర్మాదే. అదే దారిలో 1640లో ఆయన 2 యొక్క 37వ ఘాతంలోంచి ఒకటి తీసేసిన సంఖ్యను 223 భాగిస్తుందని కనిపెట్టాడు. అంటే పనిముట్టు ఆయన చేతిలోనే ఉంది. కానీ తనకు ఇష్టమైన మాట మీద దాన్ని వాడి గట్టిగా పరీక్షించలేకపోయాడు. ఎంత గొప్పవాళ్లకైనా తాము నమ్మిందాన్ని తామే కొట్టి చూసుకోవడం కష్టం. అందుకే పక్కవాడు కొట్టి చూడాలి. అలా చూడటం పెద్దల్ని అవమానించడం కాదు. ఆయిలర్ తప్పు పట్టినందువల్ల ఫెర్మా గౌరవం వీసమెత్తు కూడా తగ్గలేదు.

ఇక మన సంగతికి వస్తాను.

పదో తరగతి పాసయ్యాక నేనూ నా మిత్రుడూ ఇంటర్‌లో చేరడానికి ఒక కాలేజీకి వెళ్లాం. ఇద్దరం ఎం.పి.సి. అడిగాం. దరఖాస్తులు తీసుకునే ఆయన మా కాగితాల్లో హాస్టల్ పేరు చూసి, "హాస్టల్ పిల్లలా? లెక్కలు మీవల్ల కాదు. ఇంతకుముందు మీవాళ్లు ఐదుగురు చేరారు, ఐదుగురూ తప్పారు. సి.ఇ.సి. తీసుకోండి, సుఖంగా పాసవుతారు" అన్నారు. కోపంగా కూడా అనలేదు. మా మంచికే చెబుతున్నట్టు అన్నారు. మా నాన్న చేతులు కట్టుకుని నిలబడి, "వాడు అడిగిందే ఇవ్వండి సార్" అని మూడుసార్లు అన్నాడు. ఆయనకు ఎం.పి.సి. అంటే ఏమిటో తెలియదు. నేను అడిగానని మాత్రం తెలుసు. నా మిత్రుడి వెనక ఆ రోజు ఎవరూ లేరు. వాళ్లమ్మ మిరపకాయల కోతకు వెళ్లింది. వాడు సి.ఇ.సి. తీసుకున్నాడు. రెండో ఏడు మానేశాడు.

సి.ఇ.సి. తక్కువ చదువని నేను అనడం లేదు. ఆ గ్రూపు చదివి మంచి స్థాయికి వెళ్లిన అన్నలు మన హాస్టల్‌లోనే ఉన్నారు. కానీ అది వాడు కోరుకున్న చదువు కాదు. టైల్స్ పని కూడా గౌరవమైన పనే. కానీ ఆ దారి ఎంచుకున్నది వాడు కాదు. వేరే ఎవరో ఐదుగురి మార్కులు వాడి దారిని ఎంచాయి.

ఐదుగురు తప్పారు అన్నది నిజమే కావచ్చు. దాన్నుంచి తీసిన సూత్రం అబద్ధం. వాళ్లు ఎందుకు తప్పారని ఎవరూ అడగలేదు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి ఒక్కసారి ఇంగ్లీషు పుస్తకం ముందు కూర్చున్నారా? ఇంటర్ మొదటి మూడు నెలలు కాలేజీ ఒకచోట, హాస్టల్ సీటు ఒకచోట అయి తిరిగారా? అడగాల్సిన ప్రశ్నలు అవి. ఐదు ఉదాహరణలు చూసి లోకానికంతటికీ సూత్రం కట్టడం ఫెర్మా అంతటివాడికే చెల్లలేదు, కౌంటరు దగ్గర కూర్చున్నవాళ్లకు ఎలా చెల్లుతుంది?

కాబట్టి తమ్ముళ్లూ, "మీవల్ల కాదు" అని ఎవరన్నా అంటే ఏడవకండి, పోట్లాడకండి. "ఎన్ని చూసి అన్నారు సార్? నిరూపణ ఉందా?" అని లోపలైనా అడుక్కోండి. "అందరూ" అనే మాటను కూల్చడానికి ఒక్క 641 చాలు.

ఇక్కడే అన్నలకూ, పెద్దలకూ ఇంకో మాట చెప్పాలి. లెక్క రెండువైపులా పనిచేస్తుంది. నేను ఎం.ఎస్సీ.లో చేరాక నా ఫొటో ఫ్లెక్సీ మీద వేసి హాస్టల్ గేటుకు కట్టారు. సంతోషమే. అమ్మ దాన్ని చూడటానికి పనిగట్టుకుని వచ్చింది. కానీ ఆ ఫొటో చూపించి, "ఇదిగో, కష్టపడితే ఎవరైనా పైకి రావచ్చు, ఇక్కడ ఏ లోటూ లేదు" అంటే నేను ఒప్పుకోను. "హాస్టల్ పిల్లలెవరికీ లెక్కలు రావు" అన్న మాటను నేనొక్కణ్ణి కూల్చగలను. "హాస్టల్‌లో అందరికీ లెక్కలు నేర్పుతున్నాం" అన్న మాటను నేనొక్కణ్ణి నిరూపించలేను. ఆ మాటను కూల్చడానికి నా పక్క పెట్టె మిత్రుడొక్కడు చాలు.

మనలాంటివాళ్లకు గణితం పరాయిది అనుకోకండి. ఈ ఫెర్మా సంఖ్యల కథలోనే ఇంకో మనిషి ఉన్నాడు. 1777లో జర్మన్ దేశంలో పుట్టిన గౌస్. తండ్రి తోటపని, తాపీపని లాంటి పనులు చేసుకుని బతికినవాడు. తల్లికి చదువు లేదు. కొడుకు పుట్టిన తేదీ ఎక్కడా రాసి పెట్టుకోలేదు. ఫలానా పండుగకు ఎనిమిది రోజుల ముందు, బుధవారం అని మాత్రం ఆమెకు గుర్తు. గౌస్ పెద్దయ్యాక ఆ గుర్తు పట్టుకుని లెక్క కట్టి ఏప్రిల్ 30 అని తేల్చుకున్నాడు. ఇది చదివినప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. నేను ఎప్పుడు పుట్టానంటే, "వరి నాట్లప్పుడు, పెద్ద వాన పడిన మంగళవారం" అంటుంది. రికార్డులో మాత్రం బడిలో చేర్పించినప్పుడు రాసిన జూన్ నెల తేదీ ఉంది. మీలో సగం మందికి జూన్‌లోనే పుట్టినరోజు ఉంటుందని నాకు తెలుసు.

ఆ గౌస్‌ను బ్రన్స్‌విక్ ప్రభువు స్కాలర్‌షిప్ ఇచ్చి చదివించాడు. 1796లో, ఇంకా 19 నిండకుండానే, వృత్తలేఖిని, స్కేలు మాత్రమే వాడి 17 సమాన భుజాల బహుభుజిని గీయవచ్చని ఆయన నిరూపించాడు. అంతకుముందు రెండు వేల ఏళ్లుగా ఎవరికీ తెలియని సంగతి అది. ఆ 17 మన వరుసలో మూడో సంఖ్యే. స్కాలర్‌షిప్ తీసుకునేవాళ్లు తల దించుకోవాలని ఎవరైనా అంటే ఈ కథ చెప్పండి. 1913లో బాబాసాహెబ్ అంబేద్కర్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లింది కూడా బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తోనే. అది భిక్ష కాదు. చదువుకునే హక్కుకు చేరాల్సిన డబ్బు.

ఇదంతా దేనికి పనికొస్తుందని అడగవచ్చు. పాత ఇంటర్నెట్ పద్ధతిలో ప్రపంచంలోని కంప్యూటర్లకు ఇవ్వగల చిరునామాలు మొత్తం 4294967296. మన సంఖ్యకు ఒక్కటి తక్కువ. అవి చాలక కొత్త పద్ధతి తేవాల్సి వచ్చింది. ఇంటర్నెట్‌లో మన వివరాలు దొంగలకు చిక్కకుండా దాచే రహస్య లిపిలో 65537 అనే ఐదో సంఖ్యను విరివిగా వాడతారు. పెద్ద సంఖ్యను కారణాంకాలుగా విరగ్గొట్టడం కష్టం అన్నదే ఆ లిపికి రక్షణ. ఉద్యోగాలు కూడా ఆ దారిలో ఉన్నాయి. అయితే ఆయిలర్ ఇవేవీ ఎరగడు. నిజం తెలుసుకోవాలని చేశాడు. ముందు ఆ కోరిక ఉండాలి.

ఇంతకీ ఆ వరుస ఏమైందంటే, ఆరోదానితో మొదలుపెట్టి వరుసగా 28 సంఖ్యలను పరీక్షించారు. ఒక్కటి కూడా ప్రధాన సంఖ్య కాలేదు. ఐదు నిజాల తరువాత ఇన్ని అబద్ధాలు! అలాగని ఆ తరువాతవి కూడా అంతేనని ఎవరూ తీర్పు చెప్పడం లేదు. నిరూపణ దొరికేదాకా ఆగుతున్నారు. సంఖ్యలకు ఇస్తున్న ఆ మర్యాద పిల్లలకు కూడా ఇవ్వమంటున్నాను.

అందుకని నా మనవి. వారంలో ఒక స్టడీ అవర్ గైడు లేకుండా, పరీక్ష భయం లేకుండా ఒక్క లెక్క మీద కూర్చోనివ్వండి. లెక్కల ట్యూటర్‌ను పబ్లిక్ పరీక్షల ముందు కాకుండా జూన్‌లోనే వేయండి. పదో తరగతి పిల్లలు కాలేజీకి వెళ్లే రోజు, తల్లిదండ్రులు రాలేని పిల్లవాడి వెంట మనలో ఒకరం వెళదాం. "వాడు అడిగిందే ఇవ్వండి సార్" అనడానికి పెద్ద చదువు అక్కరలేదు, ఒక మనిషి చాలు. వచ్చే జూన్‌లో ఆ వారమంతా నేను ఇక్కడే ఉంటాను. టైల్స్ పనికి రెండు రోజులు సెలవు పెట్టి నా మిత్రుడు కూడా వస్తానన్నాడు.

ఈలోగా 6700417ను 641తో గుణించి చూడండి. నేను చెప్పానని నమ్మకండి.